సారక్క కంటి ఫొటో

సారక్కకు సూరత్ ఎప్పుడూ నచ్చలేదు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి వచ్చి ముప్పై రెండేళ్లయినా, పప్పులో చక్కెర వేసే ఊరు అంటూ మూతి తిప్పుతుంది. భర్త మల్లేష్ సాంచాలు నడిపి బట్ట నేసేవాడు. ఆమె డిండోలిలో మెస్సు పెట్టి, నలభై మంది సాంచాల కార్మికులకు రెండు పూటలా వండిపెట్టేది. కంచంలో అన్నం వదిలేసేవాళ్లన్నా, జ్వరమని పడుకునేవాళ్లన్నా ఆమెకు చులకనే.

అందరికన్నా చులకన మల్లేష్. పని మానేశాక ఆయన బజారు సామాను తెస్తున్నాడు. చింతపండు ఏదని అడిగితే, "నువ్వు తెమ్మనలేదు కదనే" అనేవాడు.

"గీ మనిషి బుర్ర గడ్డి మేస్తుంది" అని నలుగురిలో అనేది సారక్క. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వుకి ఆమెకు ఇంకా ఒళ్లు మండేది.

నిరుడు చలికాలంలో ఆయన కళ్లద్దాలు మార్పించాలని కంటాసుపత్రికి పోయారు. అక్కడ మౌక్తిక అనే హనుమకొండ డాక్టరు ఉంది. సారక్క అసలు పని వేరే. డాక్టరు నోటితోనే మొగుడికి నాలుగు చీవాట్లు పెట్టించాలి.

"జర ఈయన మతి గూడ చూడు బిడ్డా. ఏది చెప్పినా యాదుండదు."

అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు బయటపడటానికి ఏళ్ల ముందే కంటి వెనకపొరలో తేడా కనిపిస్తుందేమోనని మౌక్తిక పరిశోధన చేస్తోంది. అరవై దాటినవాళ్ల కంటి ఫొటోలు తీస్తోంది.

"ఆ పొర మెదడుకు సొంత చుట్టం లాంటిదమ్మా. సూదీ ఉండదు, నొప్పీ ఉండదు. ఇద్దరూ కూర్చోండి."

"నాదెందుకు? నాకేమైంది?"

"బాగున్నవాళ్లవీ కావాలి, పోల్చి చూడ్డానికి."

తను బాగున్నట్టు డాక్టరే ఒప్పుకున్నందుకు సారక్క మెషీన్‌కు గడ్డం ఆనించింది. తర్వాత గుర్తుపెట్టుకొమ్మని ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అవేంటని అడిగారు. నర్సు గట్టిగా చెప్పాక మల్లేష్ ఐదూ అప్పజెప్పాడు. సారక్క రెండు చెప్పి, చిన్నపిల్లల ఆటలని విసుక్కుంటూ లేచిపోయింది.

వారం తర్వాత మౌక్తిక ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"ఆయన మతి బాగుందమ్మా. పోయింది చెవులు. అన్నేళ్లు సాంచాల చప్పుడులో ఉన్నాడు కదా. మీరు చెప్పేది సగం వినపడదు."

"ఏమంటుంది?" అన్నాడు మల్లేష్.

"మీ కంటి పొర మాత్రం పలచబడిందమ్మా. ఇది చూసి జబ్బని చెప్పలేం, వేరే కారణాలూ ఉంటాయి. కానీ ఆ ఐదు మాటల్లో మూడు యాదికి రాలేదు కాబట్టి ఒకసారి నరాల డాక్టరును కలవండి."

సారక్క కొంగు దులుపుకుంది. "కండ్లల్ల చూసి మతి చెప్తవా? మా ఊర్ల సోదమ్మ నీకన్న నయం. గింత పెద్ద మెషీన్ పెట్టుకోలే."

రెండు నెలలు ఆ మాటే ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం పప్పుచారు నోట్లో పెట్టలేనంత ఉప్పయింది. సారక్క పనిమనిషి ప్రమీల మీద విరుచుకుపడింది. ప్రమీల గరిటె కింద పెట్టింది.

"ఉప్పు నన్ను ముట్టనిస్తవా పెద్దమ్మా? నువ్వే ఏసినవ్, మూడుసార్లు. మొన్న గూడ ఏస్తే సగం వంపి, నీళ్లు పోసి నేనే దిద్దిన."

సారక్క తింటున్నవాళ్ల వైపు తిరిగింది. ఎవరూ తలెత్తలేదు. అందరికీ తెలుసని అప్పుడర్థమైంది.

"ఇన్ని దినాలు ఉప్పు కూడు తిని నోరు మూసుకున్నరా? మొగోళ్లేనా మీరు?"

"నేనే చెప్పొద్దన్న," అన్నాడు మల్లేష్. "నాకు చెవులు లేవు, నిజమే. గని చింతపండు నువ్వు శానాసార్లు చెప్పనేలేదు. సంచి ఇచ్చి, ఉత్తగ నిలబడి, లోపలికి పోయేదానివి."

రెండు రోజులు ఆమె పొయ్యి దగ్గరికి పోలేదు. లోకం మీద చల్లిన ఈసడింపంతా ఇప్పుడు తన మీదే పడింది. గడ్డి మేసే బుర్ర తనదే. అది మొగుడి జాలి మీద బతుకుతోంది. జాలిని ఆమె అన్నిటికన్నా నీచంగా చూసేది.

మూడో రోజు పొద్దున్నే చీర మార్చుకుని, "నడు, ఆ నరాల డాక్టరు తానకు" అంది.

పరీక్షలన్నీ అయ్యాక, సారక్కకు మతిమరుపు జబ్బు మొదలైందన్నాడు ఆ డాక్టరు. మందులు వాడితే కొన్నాళ్లు నెమ్మదిస్తుంది, పూర్తిగా పోదు.

"ఎన్నేండ్లు?"

"చెప్పలేమమ్మా."

"మీకు తెల్సింది ఏందో ఒక్కటన్న చెప్పుండ్రి" అని లేచింది సారక్క.

ఆ వారమే వంటగది ప్రమీలకు అప్పగించింది. ఒక్కో కూరా పక్కన నిలబడి, తిట్టి తిట్టి నేర్పింది. మల్లేష్ చెవి మెషీన్ పెట్టించుకున్నాడు. ఇప్పుడు ప్రతి తిట్టూ వినపడుతోంది కాబట్టి తిరిగి జవాబిస్తున్నాడు. ఆమెకు అది కొంచెం నచ్చింది. మెస్సులో తినే కమలాకర్‌ని అప్పుడప్పుడు నరహరి అని పిలుస్తుంది. కమలాకర్ నరహరిగానే పలుకుతాడు.

ఆరు నెలలకు రెండో ఫొటో తీయాలని కబురొచ్చింది. ఈసారి రానంటుందని మౌక్తిక అనుకుంది. సారక్క చెప్పిన టైముకన్నా ముందే వచ్చి కూర్చుంది.

"ఈ ఫొటోతో నాకేం ఒరగదు, తెల్సు" అంది, మెషీన్‌కు గడ్డం ఆనిస్తూ. "ఎనకొచ్చేటోళ్లకు జర ముందుగాల చెప్పు. నమ్మరు, నిన్నే తిడ్తరు. తిట్టనియ్యి. చెప్పుడు మాత్రం ఆపకు."

"నమ్ముతారా అమ్మా వాళ్లు, చివరికి?" అంది మౌక్తిక.

"ఉప్పు కూడు తిన్నంక నమ్ముతరు. రెప్ప కొట్టొద్దంటివి గదా, మాట్లాడించకు. తియ్యి."