వదులుగా కట్టిన చెక్కలు

ఇవాళ పొద్దున్న తాడు నానబెట్టాను. నానిన కొబ్బరి తాడు వాసన తగిలితే చాలు, ఎల్లమ్మత్త నా పక్కనే గొంతుక్కూర్చున్నట్టు ఉంటుంది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మీరెవరూ అత్తను చూసి ఉండరు, అందుకని చెబుతున్నానండి.

అంతర్వేది దిగువన మా పల్లెకీ పడవలు ఆగే చోటుకీ మధ్య తొడ లోతు బురద, మడ చెట్లు. ఆ బురదలో సరుగుడు గుంజలు పాతి, పైన తాటిచెక్కలు పరిచిన వంతెన మాది. చేపల గంపలు దాని మీదే వచ్చేవి, వలలు దాని మీదే ఆరేవి, కొత్త కోడళ్ళు పడవ దిగి దాని మీదే నడిచొచ్చేవాళ్ళు. నేనూ అలాగే వచ్చాను. ఆ వంతెన చూసుకునేది ఎల్లమ్మత్త. నాకు చుట్టం కాదు, ఊరందరికీ అత్తే. చెక్కలకు మేకు కొట్టనిచ్చేది కాదు. తాడుతో, నాలుగు వేళ్ళు దూరేంత వదులుగా కట్టేది. పోటు నీళ్ళొచ్చినప్పుడు చెక్క లేచి మళ్ళీ కూర్చోవాలంట.

తొంభైల్లో ఒక తుఫానుకి మా ఆయన వేటకెళ్ళి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. పదో రోజు మధ్యాహ్నం గుమ్మంలో కూర్చునుంటే వంతెన చివర టక్ మంది. తర్వాత దాని పక్క చెక్క. ఆ తర్వాత ఇంకోటి. సముద్రం వైపు నుంచి ఎవరో నడిచొస్తున్నట్టు, గంప బరువుకి ఆగి ఆగి. మా ఆయన నడక అదే. పరుగెత్తాను. మండే ఎండ. వంతెన మీద ఎవరూ లేరు. చప్పుడు మాత్రం నా కాళ్ళ దాకా వచ్చి ఆగింది.

అప్పట్నుంచి పోటు వేళకల్లా వచ్చేది. నేనూ వెళ్ళేదాన్ని, ప్రతిసారీ ఇంకాస్త చివరికి, మూడేళ్ళ పిల్లను ఇంట్లో వదిలేసి. ఒకరోజు చివరి చెక్క దాటి నీళ్ళలో కాలు పెట్టాక పిల్ల ఏడుపు వినబడింది. నా మీద నాకే భయమేసింది. మర్నాడు పోటు నీళ్ళు వెనక్కి తీశాక వంతెన తాళ్ళన్నీ బిగించేశాను. చప్పుడు ఆగింది. చాన్నాళ్ళకి నిద్రపోయాను.

పున్నమి పోటుకి చెక్కలు లేవలేక గుంజలతో సహా ఊడి కొట్టుకుపోయాయి. ఆడవాళ్ళు గంపలతో బురదలో దిగారు. ఒకామె నడుము దాకా కూరుకుపోతే చీర విసిరి లాగారు. ఎవరు బిగించారని ఊరంతా అడిగింది. అత్త ఒక ముడిని చేతిలోకి తీసుకుని చూసింది, తర్వాత నన్ను చూసింది. తనే కట్టానని, ముసలిదాన్ని, చెయ్యి తప్పిందని చెప్పింది. అందరూ ఆవిడనే తిట్టారు.

ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తాడు చేతికిచ్చింది.

"మీ మామ వేటకెళ్ళి రాని ఏడు నేనూ బిగించానే పిల్లా."

"నీకూ వినబడేదా అత్తా?"

"ఇప్పటికీ వినబడుద్ది. నీళ్ళు. చెక్కల్ని లేపుతాయి."

"నీళ్ళేనా?"

అత్త నేను వేసిన ముడిలో నాలుగు వేళ్ళు దూర్చి చూసి, ఇంకా వదులు చెయ్యమంది. అప్పుడు చెప్పింది.

"చప్పుడు ఆగదు. నువ్వు లేచెళ్ళడం ఆగుద్ది."

అత్త పోయి చాలా ఏళ్ళయింది. వంతెన ఇప్పుడు నా చేతిలో ఉంది. గాలి లేని మధ్యాహ్నాలు ఒక్కోసారి మా ఆయన నడక ఒక్కటే కాదు, రెండు జతల అడుగులు వినబడతాయి, ఒకదాని వెనక ఒకటి. ఒడ్డు దాకా వచ్చి ఆగుతాయి. నేను లేవను. పొయ్యి మీద అన్నం చూసుకుంటాను. తలుపు మాత్రం వెయ్యను.