శంకరవ్వను పట్టినదెవరు

చెన్నూరులో పుట్టిన శంకరవ్వ లక్సెట్టిపేట సాలెవాడకు కోడలిగా వచ్చింది. లక్ష్మీరాజానికి ఆమె రెండో పెళ్ళాం. మొదటి పెళ్ళాం పోశవ్వ జ్వరంతో పోయింది. ఆ ఇంటి ఆచారం ప్రకారం పోశవ్వ పేరిట చిన్న వెండి బిళ్ళ చేయించి, పుస్తెలతోపాటు శంకరవ్వ మెడలో కట్టారు. అప్పటినుంచి పోశవ్వ తల్లి దేవవ్వకు శంకరవ్వే బిడ్డ. పండుగ వస్తే దేవవ్వ పెద్దపల్లి దిక్కునుంచి వచ్చి, ముందు ఆ బిళ్ళకు కుంకుమ పెట్టి, తరువాతే మంచినీళ్ళు తాగేది.

శంకరవ్వది చురుకైన చేయి. ఆమె రాట్నం మీద కండెలు చుడుతుంటే, మగ్గం గుంటలో కూర్చున్న లక్ష్మీరాజం నూలు కోసం ఎన్నడూ ఆగలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, రెండో కాన్పు తరువాత, ఆ రాట్నం ఆగింది.

జ్వరం లేదు. దగ్గు లేదు. కళ్ళు తెరవగానే ఛాతీ మీద తడిబట్టల మూట పెట్టినట్టుండేది. పసివాడి ఏడుపు గోడ అవతలినుంచి వచ్చినట్టు వినిపించేది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద ఎత్తడం పెద్ద పని. కన్నీళ్ళు ఊరికే కారేవి. తుడుచుకోవాలని కూడా అనిపించేది కాదు.

ఆమె దాచలేదు. అదే ఆమె చేసిన తప్పని అత్త లస్మవ్వ అంటుండేది.

"అత్తా, నాకు మనసు మంచిగ లేదు."

"మనసుకేం రోగమే? బిడ్డ ఉన్నది, కొడుకున్నడు, తాగని మొగడున్నడు. ఇంకేం గావాలె నీకు, నిజాం కోట గావాల్నా?"

"ఏం వద్దు. జర ఎవలన్న నా మాట ఇనాలె."

"ఇంటున్న గదా!" అంటూ లస్మవ్వ చీపురు పట్టుకుని వాకిట్లోకి పోయింది.

వాడంతా ఒకటే మాట. పోశవ్వ పట్టింది, సవతి సంసారం చూసి ఓర్వలేకపోయింది. శంకరవ్వ కాదంది. ఎంత కాదంటే అంత అవునన్నారు. పట్టినది తనంతట తాను ఒప్పుకుంటుందా?

దయ్యాలు వదిలిస్తాడని పేరున్న వెంకటిని పిలిపించారు. ఆయన పద్ధతి ఒకటే. పట్టినది తన పేరు తానే చెప్పాలి. చెబితే దాన్ని ఆ వెండి బిళ్ళలోకి దింపి, బిళ్ళను ముంతలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి గోదారిలో వదులుతాడు.

పట్టపగలు, వాకిట్లో, సాంబ్రాణి పొగ. శంకరవ్వ భుజాల మీద వేపమండల దెబ్బలు.

"ఎవలు నువ్వు?"

"శంకరవ్వను."

"గది నువ్వు పట్టిన మనిషి పేరు. నీ పేరు జెప్పు."

"నా పేరే గది."

"ఏడికెళ్ళి వచ్చినవ్?"

"చెన్నూరుకెళ్ళి. మా బాపు పేరు అంతయ్య."

వెంకటి చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. "సూసిండ్రా? శానా మొండిది. ఆమె పేరే జెప్పి తప్పించుకుంటున్నది."

కోపంతో శంకరవ్వ ఒళ్ళంతా వణికింది. ఆ వణుకు చూసి, "అగో, వస్తున్నది, వస్తున్నది," అన్నారెవరో.

అమావాస్యకు మళ్ళీ వస్తానని వెంకటి లేచాడు. పేరు బయటపడేదాకా పసివాణ్ణి ఆమె పక్కలో పడుకోబెట్టొద్దన్నాడు. పాలు తాగగానే లస్మవ్వ వాణ్ణి ఎత్తుకుపోయేది.

"ఒక్కమాట అనరాదే," అన్నాడు లక్ష్మీరాజం. "పోశవ్వను అని అను. అయిపోతది. పిలగాడు నీ పక్కలకు వస్తడు. చచ్చినదానికి నొప్పి లేస్తదా?"

"దేవవ్వకు లేస్తది. బిళ్ళ గోదారిల పడ్డంక ఆమె ఎవలింటికి వస్తది?"

"ముసల్దాని ఫికర్ నీకెందుకు?"

"సరే, పోశవ్వ అంట. గప్పుడు గూడ జబ్బు తక్కువ గాకపోతె? ఇంకెవల పేరు జెప్పాలె, నువ్వే జెప్పు."

అతను లేచి మగ్గం గుంటలోకి దిగాడు. అయినా పసివాణ్ణి ఎత్తుకుపోయిన ప్రతిసారీ పోశవ్వ పేరు ఆమె నాలుక చివరికి వచ్చేది. మింగేది.

సంగతి ఎలాగో దేవవ్వ చెవిన పడింది. అమావాస్య పొద్దున వచ్చింది. కుంకుమ పెట్టలేదు, నీళ్ళు ముట్టలేదు. ఎదురుగా కూర్చుంది.

"నా బిడ్డ నిన్ను పట్టిందంటున్నరు. నిజమేనా?"

"లేదవ్వా."

"మరి నీకేమైంది?"

అప్పటిదాకా అందరూ ఎవరు అని అడిగారు. ఏమైంది అని ఎవరూ అడగలేదు. శంకరవ్వ చెప్పడం మొదలుపెట్టి ఆగలేదు. ఛాతీ మీద బరువు చెప్పింది. తనకు అందని పసివాడి ఏడుపు చెప్పింది. ఒకనాడు నీళ్ళు తోడే పని లేకపోయినా బావి గట్టు మీద చాలాసేపు నిలబడ్డానని చెప్పింది. వాకిట్లో పోగైన వాడవాళ్ళంతా విన్నారు. గడపలో బియ్యం చెరుగుతున్న లస్మవ్వ చేయి ఆగిపోయింది.

"పోశవ్వ పోయినంక నాకు గట్లనే ఉండె," అంది దేవవ్వ. "కూసున్నకాడికెళ్ళి లేవబుద్ధి గాకపోయేది."

"గా బరువు ఎట్ల పోయిందవ్వా?"

"పోయిందని ఎవలన్నరు? జర తగ్గింది. మా చెల్లెకు రోజు జెప్పేదాన్ని. అది నన్ను తిట్టుకుంటనే ఇనేది."

వెంకటి వచ్చాడు. మళ్ళీ పొగ, మళ్ళీ అదే ప్రశ్న.

"శంకరవ్వను," అందామె. "నన్ను ఎవలు పట్టలే. నాకే మంచిగ లేదు. నన్నడుగుండ్రి, దయ్యాన్నెందుకు అడుగుతరు?"

వేపమండ పైకి లేచింది. దేవవ్వ దాన్ని పట్టుకుంది. "మా పోశవ్వ పేరు కావాల్నా నీకు? కన్నదాన్ని నేనున్న. నన్నడుగు."

"నడుమ మనుషులు జొర్రితె దయ్యం పలుకది," అని వెంకటి తన నిమ్మకాయలు ఏరుకుని వెళ్ళిపోయాడు.

లస్మవ్వ లోపలినుంచి పసివాణ్ణి తెచ్చి కోడలి ఒళ్ళో కుదేసింది. "పట్టుకో. బావి ముచ్చట వాడకట్టంత ఇన్నది. ఇజ్జత్ పోనే పాయె."

జబ్బు ఆ రోజుతో పోలేదు. ఆ చలికాలం నెమ్మదిగా తగ్గింది. తరువాతి ఏళ్ళలో మళ్ళీ వచ్చింది, పోయింది, వచ్చింది. వచ్చిన ప్రతిసారీ శంకరవ్వ బజారులో, పెళ్ళిళ్ళలో, ఎవరడిగినా, మనసు బాగలేదనే చెప్పింది. కొందరు ముఖం తిప్పుకున్నారు. కొందరు తరువాత ఒంటరిగా వచ్చి గుమ్మంలో తచ్చాడారు.

లస్మవ్వ మాత్రం చివరిదాకా మారలేదు.

"మళ్ళ మొదలువెట్టినవా?"

"నేను మొదలువెట్టలే అత్తా, గదే మొదలైంది. కూసో."

"పొయ్యి మీద పప్పున్నది."

"దించి రా."

లస్మవ్వ గొణుక్కుంటూ పోయి, పప్పు దించి వచ్చింది. "ఊఁ, జెప్పు. జల్ది జెప్పు," అంటూ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది.