మోకాళ్ల కింది మూత

ఎత్తులనూ లోతులనూ ఒకే చూపుతో చూసే దేవునికి స్తోత్రం. గోపురం మీదున్నదీ ఆయనకు తెలుసు, పునాది కిందున్నదీ తెలుసు. గర్వించిన వాణ్ణి దించేటప్పుడు కూడా దెబ్బ తగలకుండా, నలుగురూ నవ్వుకునేలా మెల్లగా దించగల ఆయన కృపకు మరొకసారి స్తోత్రం. ఆ కృప నా మీద పనిచేసిన రోజు గురించే ఈ నాలుగు మాటలు.

ఆ రోజుల్లో నాకు దేవుని గురించి చాలా తెలుసు, మా ఇంటి గురించి ఏమీ తెలియదు. రెండేళ్లు హాస్టల్లో ఉండి వాక్య శిక్షణ పూర్తి చేసి వచ్చాను. చందనవెల్లిలో ఒక కంపెనీ స్టోర్సులో కొత్త ఉద్యోగం. చేతులు అట్టపెట్టెల మీద ఉన్నా మనసు ప్రసంగ వేదిక మీదే ఉండేది. మా సంఘంలో యౌవనస్థుల కూటానికి నేనే కార్యదర్శిని. ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా ఒక వాక్యభాగం ఎత్తేవాణ్ణి. మా చెల్లె నన్ను ‘చిన్నయ్యగారు’ అని పిలిచేది. (పెద్దయ్యగారంటే మా సంఘ కాపరి. ఆయన ఇంట్లో ఉప్పు గురించి మామూలుగానే మాట్లాడతారని తర్వాత తెలిసింది.)

మా ఇల్లు మొయినాబాద్ దాటి చేవెళ్ల వెళ్లే రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. నేను శిక్షణలో ఉన్నప్పుడే కట్టారు. నాయన లారీ డ్రైవరు, వారానికి ఒక పూట మాత్రమే ఇంటిపట్టున ఉండేవాడు. పాత ఇల్లు పడగొట్టాక అవ్వ (మా అమ్మే), చెల్లె దగ్గర్లోని ప్రొద్దుటూరులో అమ్మమ్మ దగ్గర తలదాచుకున్నారు. మరి కట్టడం దగ్గర ఎండలో నిలబడి ఇటుకలు దింపించింది, మేస్త్రిని కసిరింది ఎవరంటే ఎదురింటి కోళ్ల బాపు. ఆయన ఇంటి వెనకాల రెండు కోళ్ల షెడ్లు ఉండేవి కాబట్టి ఆ పేరు. ఆయన భార్యను మేం పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె, మా అవ్వ పెళ్లిళ్లకు ముందు నుంచీ ఒకే పూలతోటలో కూలికి వెళ్లినవాళ్లు. వాళ్ల బతుకమ్మకు సద్దులు మా ఇంటికి వచ్చేవి, మా క్రిస్మస్‌కు అరిసెలు వాళ్లింటికి వెళ్లేవి. ఆ రాకపోకలకు గండి కొట్టింది నేనే.

శిక్షణ నుంచి రాగానే నేను చేసిన మొదటి పని మా ఇంటి ముందు ఒక జ్ఞాపకపు రాయి నిలబెట్టడం. దేవుడు చేసిన సాయానికి గుర్తుగా పూర్వం భక్తులు రాళ్లు నిలబెట్టేవారని క్లాసులో రాసుకున్నాను. మరి ఇంత ఇల్లిచ్చిన దేవునికి ఒక రాయి పెట్టకపోతే ఎలా? కొండకల్ దిక్కున ఒక చెలకలో మోకాలెత్తు నల్లరాయి దొరికితే ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాను. గేటు పక్కన, జానెడు ఎత్తున, నున్నగా, చదరంగా ఒక సిమెంటు గద్దె అప్పటికే ఉంది. మేస్త్రి పూలకుండీల కోసం కట్టాడేమో అనుకున్నాను. (సిద్ధపరచిన స్థలం అని కూడా అనుకున్నాను. డైరీలో అలాగే రాసుకున్నాను. ఆ డైరీ ఇప్పటికీ మా చెల్లె దగ్గరుంది, ఎంత అడిగినా ఇవ్వదు.) గద్దె వెనక అంచున రాయిని సిమెంటుతో నిలబెట్టి, ముందు భాగం మోకరించడానికి వదిలాను. సంఘమంతా వచ్చి పాట పాడింది. పెద్దయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అందరి వెనకాల భుజం మీద తువ్వాలతో నిలబడ్డ కోళ్ల బాపు ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు, అయ్యగారి మూసిన కళ్లు చూసి నోరు మూసుకున్నాడు. ఒక కన్ను తెరిచి ఉంచిన నేను అది చూశాను. పాపం, ఆయన హృదయం కదిలినట్టుందని సంతోషించాను.

ఆ రోజు నుంచి ప్రతి ఉదయం డ్యూటీకి వెళ్లేముందు ఆ గద్దె మీద మోకరించి అరగంట ప్రార్థన. మూడేళ్లు తప్పలేదు. మూడో క్రిస్మస్‌కు మరో సదుపాయం కనిపించింది. గద్దె పక్కన గోడను ఆనుకుని ఒక పొడవాటి ప్లాస్టిక్ గొట్టం ఆకాశంలోకి నిలబడి ఉండేది. నక్షత్రం కట్టడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది? గాలికి ఊగకుండా కర్రకు గోనెగుడ్డ చుట్టి, గొట్టం మూతిలో బిగుతుగా దిగ్గొట్టాను. మా వీధిలో ఎత్తైన నక్షత్రం మాదే. పండుగ అయ్యాక కూడా తీయబుద్ధి కాలేదు.

సంక్రాంతి దాటాక ఉదయపు ప్రార్థనలో ఏదో వాసన మొదలైంది. ఎండలు ముదిరేకొద్దీ వాసనా ముదిరింది. విచిత్రమేమిటంటే మోకరిస్తే ఎక్కువ, లేస్తే తక్కువ. ఇది ఆత్మీయ పోరాటమని మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. ఉపవాసం వల్ల ముక్కు ఇంకా చురుకైంది తప్ప ఏమీ జరగలేదు. అప్పుడు గాలి ఎటు నుంచి వీస్తోందో చూశాను. ఎదురుగా కోళ్ల షెడ్లు. బాపుతో చెప్పాను. ఆయన ఒకసారి నా వైపు, ఒకసారి రాయి వైపు చూసి, సున్నం చల్లిస్తానన్నాడు. చల్లించాడు. పెంటకుప్పను పొలం అవతలి కొసకు మార్పించాడు. అయినా వాసన అలాగే ఉంది. ఇక సత్యం కోసం నిలబడాల్సిందేనని పంచాయతీకి దరఖాస్తు రాశాను, మూడు పేజీలు. పంచాయతీ వాళ్లు చదివి, ఇది దరఖాస్తా ప్రసంగమా అని అడిగారట. అయినా బాపును పిలిపించి నలుగురిలో నిలబెట్టి మందలించారు.

ఆ సాయంత్రం నుంచి పెద్దమ్మ మా గడప తొక్కలేదు. బాపు మాత్రం రోడ్డు మీద ఎదురైతే, “పోయొస్తున్నవా బిడ్డా” అనేవాడు. నేను తల పంకించి వెళ్లిపోయేవాణ్ణి. క్షమించినట్టు. (ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.)

వానాకాలంలో అవ్వకు కడుపులో గడ్డ అని తేలి దవాఖానలో ఆపరేషన్ అయింది. ఉన్న పది రోజులూ పెద్దమ్మ వండిన నాటుకోడి రసం టిఫిను డబ్బాలో వచ్చింది. దవాఖాన గేటు దాకా బాపు తెచ్చి చెల్లె చేతిలో పెట్టేవాడు. పెద్దమ్మ మాత్రం రాలేదు. అవ్వ ఇంటికి వచ్చాక కృతజ్ఞతా కూటం పెట్టాలనుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం, సంఘమంతటికీ భోజనాలు. అంతా నిర్ణయమయ్యాక అవ్వ మంచం మీద నుంచి పెద్దమ్మ గురించి ఒకే మాట చెప్పింది.

“అది రాకుంటే నాకు కూటమొద్దు. నువ్వు పోయి పిలువు. నువ్వే.”

తప్పు నాది కానప్పుడు నేనెందుకు తగ్గాలని వాదించాను. అవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది. శుక్రవారం దాకా అలాగే ఉంది.

శనివారం ఉదయం మా మరుగుదొడ్డి గుడగుడమంది. నీళ్లు పోస్తే కిందికి పోవడం మాని పైకి వస్తున్నాయి. మర్నాడు వంద మంది రావాలి. చేవెళ్లకు ఫోన్ చేస్తే సెప్టిక్ ట్యాంకు బండి వచ్చింది. దాని డ్రైవరన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, మా పెద్దయ్యగారి కంటే గంభీరంగా దిగాడు. ట్యాంకు మూత ఎక్కడుందన్నాడు. ఇంట్లో ఎవరికీ తెలియదు. నాయనకు ఫోన్ చేస్తే, నాగపూర్ దారిలో ఉన్నాను, మేస్త్రి కట్టాడు కదా అన్నాడు. తెలియదని ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు కాబట్టి, స్నానాల గది వెనకాలే ఉంటుందని ధైర్యంగా చెప్పాను. గడ్డపారతో తవ్వారు. రెండడుగుల్లో బండ తగిలింది. కొంచెం ఎడమకు అన్నాను. బండ. జామచెట్టు కింద అన్నాను. అక్కడా బండే.

డ్రైవరన్న చెమట తుడుచుకుని, “గాలి గొట్టం యాడున్నది అన్నా? దాన్ని పట్టుకుంటే ట్యాంకు దొరుకుతది” అన్నాడు.

అలాంటిదేదీ మా ఇంట్లో లేదని చెప్పాను. చెప్పింది నక్షత్రం కింద నిలబడి. అలసిపోయి గద్దె మీద కూర్చున్నాను. దారి చూపమని దేవునికి మనసులో మొరపెట్టుకున్నాను. నిజం చెబుతున్నాను, అంత త్వరగా, అంత దగ్గరగా జవాబిచ్చిన ప్రార్థన నా జీవితంలో మరొకటి లేదు. నాకే వినపడలేదు. చివరికి అవ్వ కిటికీలోంచి అంది:

“ఇల్లు కట్టిచ్చినోన్ని అడుగు బిడ్డా.”

ఆరు నెలల తర్వాత రోడ్డు దాటాను. పది అడుగుల రోడ్డు అంత వెడల్పుగా ఎప్పుడూ అనిపించలేదు. బాపు షెడ్డులో దాణా వేస్తున్నాడు. ఏం చెప్పాలో ముందే సిద్ధం చేసుకున్న వాక్యాలన్నీ కోళ్ల కేకల్లో కొట్టుకుపోయాయి. “బాపూ, ట్యాంకు మూత దొరుకుతలేదు” అన్నాను, అంతే. ఆయన చేతులు కడుక్కుని, తువ్వాల భుజాన వేసుకుని నా ముందు నడిచాడు. మా గేటు లోపలికి వచ్చి, తిన్నగా నా జ్ఞాపకపు రాయి దగ్గర ఆగి, గద్దెను చెప్పుకాలితో రెండుసార్లు తట్టాడు.

“వెనుక బండ పడ్డది. గందుకే ముందర తవ్విచ్చినం. ఇదే మూత.”

డ్రైవరన్న మెల్లగా తల పైకెత్తి, గొట్టం వెంట చూపు పోనిచ్చి, నక్షత్రం దగ్గర ఆగాడు.

“గాలి గొట్టం మూతి మూసిందెవరు?” అన్నాడు. “గాలి పైకి పోకుంటే మూత సందులకెళ్లి రాదా?”

నాకు ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. మోకరిస్తే ఎక్కువ, లేస్తే తక్కువ. ముందే ఎందుకు చెప్పలేదని బాపును అడిగాను.

“రాయి పెట్టిన దినమే చెప్పబోయిన. మీ అయ్యగారు కండ్లు మూసుకున్నడు. తర్వాత నువ్వు రోజూ మోకాళ్లేస్తుంటివి. దేవునితోని మాట్లాడేటోన్ని లేపి, నీ కింద ఇది ఉన్నది బిడ్డా అని ఎట్ల చెప్పాలె?”

“దరఖాస్తు పెట్టినప్పుడన్న చెప్పొద్దా బాపూ?”

“అప్పుడు చెప్తే నా కోళ్ల కోసం చెప్తున్న అనుకుందువు.”

నేను చదివిన రెండేళ్ల పాఠాల్లో లేని దీర్ఘశాంతం ఆ తువ్వాల కింద ఉంది. నేను ఆయన పాదాలు ముట్టబోతే, “మొదలు రాయి ముట్టుకో, బండోడు ఎదురుచూస్తున్నడు” అన్నాడు. ఇద్దరం కలిసి గడ్డపార వేసి రాయిని పెకిలించి పక్కన పెట్టాం. డ్రైవరన్న అందరినీ దూరం జరిపి, ఎవరూ తొంగి చూడొద్దని, అగ్గిపుల్ల వెలిగించొద్దని చెప్పి మూత లేపాడు. నాలుగేళ్ల నుంచి బందీగా ఉన్నది ఒక్కసారిగా వీధిలోకి వచ్చింది. మా చెల్లె ఇంట్లోకి పరుగెత్తింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది.

పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాళ్ల గేటు దాకా వచ్చింది. పెకిలించిన రాయిని చూసింది, మూత చూసింది, గొట్టం మీద నక్షత్రం చూసింది, నన్ను చూసింది. రోడ్డు దాటింది. మా గేటు దాటింది. నా ముందు నిలబడి కొంగు తీసి అడిగింది:

“మా కోళ్లు గిట్ల వాసనొస్తయా, చిన్నయ్యగారూ?”

రావని చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను. ఏ వాక్యభాగమూ ఎత్తకుండా, మామూలు మాటల్లో. అంతే, పెద్దమ్మ నవ్వు మొదలైంది. కిటికీలోంచి అవ్వ పొట్ట పట్టుకుని, “నవ్వియ్యకే, కుట్లు గుంజుతున్నయి” అని వేడుకుంటూనే నవ్వుతోంది. పెద్దమ్మ నవ్వుతూనే లోపలికి వెళ్లి అవ్వ మంచం మీద కూర్చుంది. నేను పిలవాల్సిన పిలుపు పిలవనే లేదు. బండి మోటారు గంటసేపు మోగింది. ఇద్దరు ఆడవాళ్లు ఆరు నెలల మాటలు ఆ చప్పుడు మీదుగా అరుచుకుంటూ చెప్పుకున్నారు.

వెళ్తూ వెళ్తూ డ్రైవరన్న నాకొక ఉపదేశం చేశాడు. నిండినంక కాదు, మూడేండ్లకోసారి నిండకముందే పిలువాలె. మూత మీద ఏదీ కట్టొద్దు. గొట్టం మూతికి సన్నకన్నాల జాలీ పెట్టాలె కానీ గుడ్డ కాదు. ఫినాయిలు సీసాలకు సీసాలు గుమ్మరించొద్దు, లోపల కుళ్లబెట్టే పురుగు చస్తే ట్యాంకు తొందరగా నిండుతది. నాలుగు ముక్కల్లో ముగిసింది, ఒక్క మాట వృథా కాలేదు. అలాంటి ప్రసంగం చేయడం నాకు ఇప్పటికీ రాలేదు.

ఆదివారం కూటంలో నేను ఇరవై నిమిషాల సాక్ష్యం సిద్ధం చేసుకున్నాను. దాన్ని జేబులోనే ఉంచి, రాయి సంగతి చెప్పాను. పెద్దయ్యగారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వి, ఇకపై కళ్లు మూసేముందు ఒకసారి చుట్టూ చూస్తానని సంఘం ముందు మాటిచ్చారు. ముందు వరుసలో బాపు, పెద్దమ్మ కూర్చున్నారు. భోజనాల్లో వడ్డించిన కోళ్లు ఎవరి షెడ్డువో చెప్పనక్కర్లేదు.

ఇదంతా జరిగి పన్నెండేళ్లు దాటింది. ఇప్పుడు ఎదురుగా షెడ్లు లేవు, ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. గాలి ఎంత శుభ్రంగా ఉందంటే ఉదయం లేవగానే ఏదో తక్కువైనట్టు ఉంటుంది. నా నల్లరాయి రెండు ఇళ్ల మధ్య రోడ్డు పక్కన ఉంది. సాయంత్రాలు బాపు దాని మీద కూర్చుంటాడు. సాయానికి గుర్తుగా నిలబెట్టిన రాయి కదా, సాయం చేసినవాడే కూర్చోవడం న్యాయం. నేను ఆయన పక్కన నేల మీద కూర్చుంటాను. మూడేళ్లు కాగానే ఆయనే గుర్తుచేస్తాడు, “బండికి ఫోన్ కొట్టినవా, చిన్నయ్యగారూ” అని. ఆ ఇరవైరెండేళ్ల కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడి మోకాళ్లు మంచివే, ముక్కూ మంచిదే. కింద చూసుకోవడమే రాలేదు.

ప్రియమైన చదువరీ, మీరు ఏ ఇంట్లో ఉన్నా, ఎవరిని తలచుకుని మొక్కినా, ఈ ఒక్క ప్రార్థనలో నాతో ఏకీభవించండి. ప్రభువా, ఎదుటివాడి గాలిని నిందించే ముందు మా మోకాళ్ల కింద ఏముందో చూసుకునే బుద్ధి మాకివ్వు. తెలిసి కూడా మా మర్యాద కోసం మౌనంగా ఉన్న పొరుగువారిని చల్లగా చూడు. మా బాపుకు నడుం నొప్పి తగ్గించు. ఆమేన్.