సీటు మీది బండముక్క

నన్ను ఎవరైనా నోరారా తిట్టి చాలా ఏళ్లయింది. ఇప్పుడంతా మర్యాదే. "మీరు చెప్పినట్టే సార్" అంటారు, నేను చెప్పింది తప్ప మిగతావన్నీ చేస్తారు. అలాంటప్పుడు నాకు మా మిస్త్రీ అన్న గొంతు వినాలనిపిస్తుంది. "నీ తలకాయ్! అది గ్రీజా, పెండ్లి గంధమా? అంతంత పూస్తాండావేందిరా!" అని కళ్లెర్రజేసి అరిచే ఆ గొంతు.

రెండువేల దశకం మొదట్లో బేతంచెర్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో, తోటల పనిలో ఉండేవాణ్ణి. నాకప్పటికే ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు. గెస్ట్‌హౌస్ ముందు రెండెకరాల పచ్చిక. చుట్టుపక్కల ఊళ్లలో మనుషులకు నీళ్లు లేవు గానీ, ఆ గడ్డికి మాత్రం పొద్దూ మాపూ తడే. దాన్ని కోయడానికి మనిషి కూర్చుని నడిపే మిషను తెప్పించారు. చిన్న ట్రాక్టరులా ఉంటుంది. కడుపు కింద పళ్లెం బోర్లించినట్టు ఒక డెక్కు, దాని లోపల తిరిగే బ్లేడ్లు. నడపడం నా పని. దాన్నీ నన్నూ బాగుచేయడం మిస్త్రీ అన్న పని. ఆయనది డోన్. ముప్పై ఏళ్లు ట్రాక్టర్లతో కుస్తీపట్టి, మోకాళ్లు అరిగి, చెవులు సగం పోయి, కాంట్రాక్టు మీద మా దగ్గరికి వచ్చాడు.

ఆయనకు అన్నిటికీ ఒక వరస ఉండేది. మిషనును షెడ్డులో పాలిష్ బండల నేల మీద నిలబెట్టి, ముందు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూడాలి. తాళం తీసి జేబులో వేసుకుని, ప్లగ్గు వైరు పీకాకే డెక్కు కిందికి చెయ్యి పోవాలి. బ్లేడు కొసకూ నేలకూ మధ్య కుడివైపు ఎంత ఎత్తుందో ఎడమవైపూ అంతే రావాలి. రాకపోతే గడ్డి మెట్లు మెట్లుగా తెగుతుంది, పెద్దసారు కంటే ముందు అన్న తిడతాడు. ఆకురాయితో పదును పెట్టిన బ్లేడును నడిమి బెజ్జంతో గోడ మేకుకు తగిలించి, ఏ పక్కకు వాలితే ఆ పక్క ఇంకొంచెం రాయించేవాడు. సిమెంటు దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు రెండు రోజులకోసారి దులపాల్సిందే. మరిచానా, ఆ పూటకు నా వంశమంతా బయటికి వచ్చేది.

వీటన్నిటికంటే ముఖ్యం, పొద్దున్నే చేసే పరీక్ష. చుట్టూ మనిషీ కుక్కా లేకుండా చూసుకుని, బ్రేకు వేసి, బ్లేడ్లు తిప్పి, సీటు మీద నుంచి కొద్దిగా పైకి లేవాలి. సీటు కింద ఒక స్విచ్చి ఉంటుంది. మనిషి లేచాడని దానికి తెలియగానే ఇంజను ఆగిపోవాలి. ఆగకపోతే ఆ రోజు కోత లేదు.

"మనిషి లేస్తే నోరు మూసుకునేదే మంచి మిషను. నీకంటే దానికి శానా బుద్ధి ఉండాదిరా" అనేవాడు అన్న.

ఆ స్విచ్చే నా ప్రాణం తోడేసేది. పచ్చికలో పదడుగులకో రాయో, ప్లాస్టిక్ సంచో కనబడేది. బ్లేడ్లు ఆపి, బ్రేకు వేసి దిగితే ఇంజను ఆగదు గానీ, పదడుగులకోసారి ఆ తతంగం నాకు విసుగు; అలాగే దిగితే ఆగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అది మళ్లీ ఓ పట్టాన అందుకోదు. నాపరాళ్ల గనులున్న మా వైపు బండముక్కలకు కరువేముంది? తలుపు కొట్టుకోకుండా బండముక్క, తొట్టి మూత ఎగిరిపోకుండా బండముక్క, లారీ చక్రం కింద బండముక్క. నేనూ ఒక మందపాటి ముక్కను గోనెపట్టాలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. దిగేటప్పుడు దాన్ని సీటు మీదికి ఎత్తేవాణ్ణి. ఇంజనూ ఆగదు, బ్లేడ్లూ ఆగవు. ఎంత తెలివైనవాణ్ణో అని నాకు నేనే మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం అలాగే బండ పెట్టి, ఏరిన చెత్త పారేయడానికి గోడ దాకా వెళ్లాను. వెనక్కి తిరిగేసరికి అన్న మిషను పక్కన వంగి బెల్టు చూస్తున్నాడు. సీటు మీద గోనెపట్టా తప్ప మనిషి లేడు, అయినా ఇంజను ఆడుతోంది కాబట్టి నేను బ్లేడ్లు ఆపే దిగాననుకున్నాడు. ఆ చెవులకు మోత తేడా తెలియలేదు. భుజం మీది తువ్వాలు జారి డెక్కు కిందికి పోయింది. పోవడమే, చప్పున లాగేసుకుంది. నేను పరుగెత్తి తాళం తిప్పేసరికి తువ్వాలు పీలికలు పీలికలై గడ్డిలో పడి ఉంది. అన్న చెయ్యి అక్కడికి జానెడు దూరంలో ఉంది.

అన్న లేచి గోనెపట్టా విప్పి చూశాడు. నేను తిట్లకు సిద్ధమై నిలబడ్డాను. ఒక్క మాట రాలేదు.

"తిట్టన్నా" అన్నాను.

"పని జూసుకోప్పా" అన్నాడు. ఎప్పుడూ 'రేయ్' తప్ప అనని మనిషి, పరాయివాణ్ణి పిలిచినట్టు 'అప్పా' అన్నాడు. ఆ అరిగిన మోకాళ్లతోనే బండను భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

తర్వాత ఇరవై రోజులు పక్కపక్కనే పనిచేశాం. గ్రీజు కావాలనే ఎక్కువ పూశాను. ఫిల్టరు దులపకుండా వదిలేశాను. ఆయనే మౌనంగా తుడిచాడు, ఆయనే దులిపాడు. కాంట్రాక్టు అయిపోగానే డోన్ వెళ్లిపోయాడు. తన చెయ్యి పోయేదని నా మీద అసహ్యం పుట్టిందనుకున్నాను. రైలెక్కితే గంట కూడా పట్టదు. రెండుసార్లు స్టేషను దాకా పోయి, మొహం చెల్లక తిరిగొచ్చాను. అన్నేళ్లూ రోజూ పొద్దున సీటు మీద నుంచి లేచి, ఇంజను ఆగగానే పక్కకు చూసేవాణ్ణి. అక్కడెవరూ ఉండరని తెలుసు, అయినా చూసేవాణ్ణి.

ఆ దశకం చివర్లో, నన్ను సూపర్‌వైజరును చేశాక, ధైర్యం చేసి డోన్ వెళ్లాను. అన్న పోయి అప్పటికే ఏడాదయిందట. వదిన తలుపు తీసింది. తలుపుకు అడ్డంగా అదే బండముక్క. ఒక మూల పగులు చూసి గుర్తుపట్టాను.

"రైల్లో ఒళ్లో పెట్టుకొని తెచ్చుకున్యాడు. ఆడ్నే ఉంటే నువ్వు మళ్లా సీటు మీద పెడతావంట" అంది వదిన, నేనెవరో చెప్పగానే.

"నన్ను ఎప్పుడన్నా తలుచుకునేవాడా వదినా?"

"తలుచుకునేదేంది! దినామూ తిట్లే గదప్పా. తలుపేసేటప్పుడల్లా మీ అన్న దీన్ని కాలితో తన్నేది, 'ఆ గాడిద ఇంగో బండ తెచ్చి పెడతాండాడో ఏమో, చేతులు ఉండాయో పోయినాయో' అనేది. పోయి చూసి రాపో అంటే, 'వాన్నే రానీ, నేను పోను' అనేది."

ఇన్నేళ్లూ ఆ తిట్లన్నీ డోన్‌లో, నాకు వినబడనంత దూరంలో పడుతూనే ఉన్నాయి. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

"ఏదీ, చేతులు చూపించు" అంది వదిన.

రెండూ చాపాను. ఒక్కో వేలూ పట్టి చూసింది. తర్వాత లోపలి గోడ మీది ఫోటో వైపు తిరిగి, "ఉండాయిలే, పదీ ఉండాయి" అంది.