కాటా ఎక్కిన విమానం

మొన్న అరసవల్లి నుంచి తిరిగొస్తూ, ఓ కాలేజీ ముందు దిమ్మె మీద నిలబెట్టిన మా పాత రెండు సీట్ల విమానంలోకి తొంగి చూసి, పోయినవన్నీ లెక్కపెట్టుకున్నాను. మీటర్లలో ముళ్లు లేవు, రేడియో లేదు, కుడి తలుపు లేదు, సీట్ల తోలు సగం లేదు, చక్రాల్లో గాలి అసలే లేదు. అయినా దిగులు వేయలేదు. దానితో మేం గెలిచిన రోజు గుర్తొచ్చింది.

అప్పట్లో నేను విజయనగరం వైపు ఓ చిన్న విమాన శిక్షణ సంస్థలో సామాన్ల గది చూసేవాణ్ణి. లెక్కలు ఎవరూ నేర్పలేదు, సంతల్లో తిరిగి పట్టుబడ్డవే. మా అక్క కూతురు అక్కడే శిక్షణలో ఉండేది. గురువుని పక్కన కూర్చోబెట్టుకుని విశాఖలో దిగి వస్తే ఆమె చదువు పూర్తవుతుంది. ఇంతలో, రాడారుకి తన జాడ చెప్పే ట్రాన్స్‌పాండర్ లేని విమానాలని అటు రానిచ్చేది లేదన్నారు విశాఖ విమానాశ్రయం వాళ్లు. విమానం ఎటు వంగిందో చూపే పాత పరికరం కూడా మొరాయిస్తోందని, దాని బదులు చిన్న తెర లేనిదే పంపనని ఇంజనీరు తేల్చేశాడు. రెండూ కావాలి. కానీ ఇద్దరు మనుషులు, ఇంధనంతో అప్పటికే నిండిన బరువు కనక, ఎంత తీస్తే అంతే పెట్టాలి.

మా తూనిక యంత్రం మరమ్మతుకి పోవడంతో, కోటబొమ్మాళిలో ధాన్యం తూచే మా బావ, అంటే ఆ పిల్ల తండ్రి, తన కాటాని ఆటోలో వేసుకొచ్చాడు. విప్పిన అయిదు పాత సామాన్లూ ఆయన తూచి చెప్తుంటే నేను కాగితం మీద కూడిక వేశాను. డబ్బాల మీద రాసిన బరువు ప్రకారం కొత్తవి రెండూ వాటికన్నా మూడు కేజీలు ఎక్కువొచ్చాయి. ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు, పిల్ల ముఖం వాడిపోయింది.

ఏం తోచక, విప్పినవాటిలో ఉన్న వాడని రెండో రేడియో తిరగేస్తే, వెనక రేకు మీద అచ్చు వేసిన బరువు బావ చెప్పినదానికన్నా కేజీ ఎక్కువ.

"బావా, గోనె సంచికని కేజీ తరుగు తీసీసావేటి?"

"తియ్యకుండా ఎలగుంటానురా? సెయ్యి ఊరుకోదు."

"దీనికి గోనె ఏది?"

బావ రేడియో వంక, నా వంక చూసి కాటా మీదే కూర్చుండిపోయాడు. పిల్ల మాత్రం పడీ పడీ నవ్వింది. "నన్నూ తూయి నాన్నా, నాకూ ఓ కేజీ తరుగు తీసీ."

మళ్లీ తూచాం. సామానుకో కేజీ చొప్పున అయిదు కేజీలు పెరిగాయి. రెండూ పట్టాయి, పైగా రెండు కేజీలు మిగిలాయి. మిగిలినదానికి విశాఖ నుంచి యాపిల్స్ తెమ్మని బావ పురమాయించాడు.

బిగింపులూ పరీక్షలూ అయ్యాక ఆమె వెళ్లింది, దిగింది, తిరిగొచ్చింది. చక్రాలు మా నేలని తాకినప్పుడు బావ తలపాగా తీసి గిరగిరా తిప్పాడు. పళ్ల సంగతి ఆ సంబరంలో ఎవరికీ గుర్తులేదు.

ఇప్పుడామె నడిపే పెద్ద విమానాల బరువు కంప్యూటరే చెప్తుందట. బావ కొట్లోనూ అంకెలు వాటంతటవే వెలుగుతున్నాయి, తూచి గట్టిగా పలికే గొంతు అక్కర్లేకుండా పోయింది. బావ మాత్రం కూతురు ఇంటికొచ్చిన ప్రతిసారీ గుమ్మంలోనే చెయ్యి చాస్తాడు. బాకీ ఇప్పటికీ రెండు కేజీలే.