ఇస్రాయేలు రిజిస్టర్‌లో అరవై మూడు మంది

బొంబాయిలో పదేళ్లు సెంట్రింగ్ పని చేసిన ఇస్రాయేలు, నడుం పట్టేశాక తిరిగొచ్చి అలంపూర్ చౌరస్తాలో మూడు కంప్యూటర్లతో నెట్ సెంటర్ పెట్టాడు. వచ్చినవాళ్ల పేరు, ఊరు రాసి సంతకం తీసుకోవాలని, అడిగినప్పుడు చూపాలని పోలీసులు చెప్పిపోయారు. శ్రద్ధగానే రాశాడు. రెండేళ్లయినా రిజిస్టర్ సగం నిండలేదు.

2009లో తుంగభద్ర ఊళ్లలోకి వచ్చిపోయాక నిండడం మొదలైంది. మన వైపు సర్కారు ఏ పని తలపెట్టినా ముందు పేర్లు రాసుకుంటుంది. మలేరియా వాళ్లు రాసుకుంటారు, పశువుల లెక్కలవాళ్లు రాసుకుంటారు. ఎందుకని అడిగిన మనిషి ఇంకా పుట్టలేదు. ఇస్రాయేలు దగ్గర పెద్ద పుస్తకముందని, దాన్ని పోలీసులు కూడా చూస్తారని తెలియగానే, వరద సాయానికి పేర్లు అక్కడే రాస్తున్నారని జనం తేల్చేసుకున్నారు.

"గిది కంప్యూటర్ వాడెటోళ్ల పుస్తకం, అవ్వా," అన్నాడు ఇస్రాయేలు.

"మంచిది బిడ్డా, వాడిననే రాయి. రెండు అర్రలు కూలినయ్, బర్రె కొట్కపోయింది. గది గుడ రాయి," అంటూ జోగులమ్మ బొటనవేలు చాపింది. ఆమె వెనక లైను రోడ్డు దాకా ఉంది. వద్దంటే తిట్టారు. రాశాడు.

ఆ రోజు నిజంగా కంప్యూటర్ ముందు కూర్చుంది డిగ్రీ చదివే శిల్ప ఒక్కతే. వరద బాధితులకు పంచాల్సిన బియ్యం ఒక నాయకుడి గోదాములో ఉన్నాయని పై అధికారులకు మెయిలు పంపింది. మెయిల్లో పేరు పెట్టలేదు. రిజిస్టర్లో మాత్రం చక్కగా సంతకం పెట్టింది.

వారానికి కానిస్టేబుల్ బాలరాజు వచ్చాడు. మెయిలు ఏ సెంటర్ నుంచి పోయిందో పైవాళ్లు పట్టేశారు, ఎవరు పంపారో తేలలేదు.

"పదిహేనో తారీఖు ఎవరెవరొచ్చిన్రో చూపియ్."

చూపితే నాయకుడి మనుషులు శిల్ప ఇంటికి పోతారు. చూపకపోతే సెంటర్‌కు తాళం. జనం వివరాలు కావాలంటే సర్కారైనా రాతపూర్వకంగా అడగాలని ఎప్పుడో పేపర్లో చదివింది ఇస్రాయేలుకు గుర్తొచ్చింది.

"కాగితం తెచ్చిన్రా సారూ?"

"కాగితమెందుకు? నేనే వచ్చిన కదా," అంటూ బాలరాజు పుస్తకం లాక్కున్నాడు. ఆ తేదీ కింద అరవై మూడు పేర్లు. వాటిలో నలభై ఎనిమిది వేలిముద్రలు.

"వీళ్లందరు ఇంటర్‌నెట్ చూసిన్రా?"

"పుస్తకంల గట్లనే ఉన్నది సారూ."

మర్నాడు పొద్దున బాలరాజు అందరినీ సెంటర్ ముందుకు పిలిపించాడు.

"పై ఆఫీసుకు మెయిలు పంపినోళ్లు ఎవరు?"

చేతులన్నీ లేచాయి.

"నేనే, రాస్కో," అంది జోగులమ్మ.

"నావి రెండు మెయిళ్లు," అన్నాడు రైతు బక్కయ్య. "ఒకటి ఇంటికి, ఒకటి చేనుకు."

"మెయిలంటే ఏందో తెల్సా నీకు?"

"నాకు తెల్వదు. నీకు తెల్సు కదా, జర నువ్వే నింపు."

పొద్దెక్కింది. తన మూలాన ముసలివాళ్లు ఎండలో నిలబడ్డారని శిల్పకు మనసు ఒప్పలేదు. ఇస్రాయేలు గుమ్మంలోంచి వద్దు వద్దని చేతులూపుతున్నా పట్టించుకోకుండా ముందుకొచ్చింది.

"సార్, ఆ మెయిలు పంపింది నేను."

బాలరాజు అప్పటికి ముప్పై ఏడో మనిషి చెప్పింది రాస్తున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"అందరివి రాస్త. పోయి లైన్ల నిలబడమ్మా."