నీళ్లకూ గొట్టానికీ మాటల్లేని రోజులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతివాడికీ తను లేకపోతే కంపెనీ మూతపడుతుందన్న భ్రమ ఉంటుంది. ఆ రోజుల్లో నాకది కాస్త ఎక్కువగానే ఉండేది. కాకినాడ నుంచి వచ్చి ఉప్పల్‌లో ఒంటిగది అద్దెకు తీసుకుని, నాచారంలో ఆయిల్ కూలర్లు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాను. వేడి నూనె రాగి గొట్టాల్లోంచీ, చన్నీళ్లు వాటి చుట్టూ పారుతుంటే ఎంత వేడి ఇటునుంచి అటు పోతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడం నా పని. ఆర్నెల్లు చూసి, పనికొస్తేనే ఉంచుకుంటామన్నారు. మొదటిరోజే కింద మిషన్లు నడిచే షాపులో ఫోర్‌మన్ (అందరూ మామ అనేవారు) ఎదురొచ్చి, "బువ్వ తిన్నవా?" అని అడిగాడు. మా వైపు బువ్వ అనేది పసిపిల్లలతో అనే మాట. ఇంజనీరునైన నన్ను పట్టుకుని వెక్కిరిస్తున్నాడని ఒళ్లు మండింది. అప్పటినుంచి క్యాంటీన్ మానేసి, నా బల్ల దగ్గరే ఒక్కణ్నీ డబ్బా విప్పుకునేవాణ్ని. ఆదివారమైతే కొట్టువాడితో "పాల ప్యాకెట్ ఒకటి" అనడమే రోజు మొత్తానికీ నా సంభాషణ. చాలా దిగులుగా ఉండేది. దాన్ని హోదా అనుకుని సరిపెట్టుకునేవాణ్ని.

ఐదో నెలలో అసలు పరీక్ష వచ్చింది. కొత్త కూలర్‌ను కంప్యూటర్‌లో గీసి, చిన్న చిన్న గడులుగా కోసి (అవి దోమతెరకన్నా సన్నగా ఉండాలని నా పట్టుదల), నాలుగు రోజులు లెక్క నడిపాను. తప్పు ఎంతుందో చూపే గీత చక్కగా కిందికి దిగింది, అంటే లెక్క కుదిరినట్టే. కాకపోతే నూనె ఎంత వేడిగా లోపలికెళ్లిందో అంతే వేడిగా బయటికొచ్చింది. నా లెక్కను అనుమానించడం నాకు అలవాటు లేదు కనుక, కూలర్ పనిచేయదని ఇరవై పేజీల రిపోర్టు రాసి మా మేనేజరు సార్ బల్లమీద పెట్టాను. ఆ కూలర్ అప్పటికే కింద షాపులో శుభ్రంగా నడుస్తోంది. సార్ మామను పిలిచారు. మామ తెరమీద ఎర్రటి నూనెనూ, నీలం నీళ్లనూ చాలాసేపు చూసి, "గిదేంది సారూ, గొట్టానికి, నీళ్లకు మాటల్లేవా? పక్కపక్కనే ఉన్నయ్, ఒకదాని సంగతి ఒకదానికి తెల్వనట్టే ఉన్నయ్" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. ఆ రెండింటి హద్దు దగ్గర వేడి దాటాలని చెప్పడం మరిచిపోయాను. చెప్పకపోతే కంప్యూటర్ అక్కడ వేడి దాటని గోడ కట్టేస్తుంది. సార్ రిపోర్టు తిరిగి నా చేతికిచ్చారు. ఇక పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. మెట్లు దిగుతుంటే వెనకనుంచి మామ, "బువ్వ తిన్నవా?" అన్నాడు. ఏడుపు ఆపుకుంటూ, "నేనేం చిన్నపిల్లాణ్నా మామా?" అన్నాను. "చిన్నపిల్లలేంది? మా అయ్యకు డెబ్బై ఏండ్లు, రోజు గట్లనే అడుగుత. తిననోనికి లెక్కలెట్ల వస్తయ్, నడువు" అని క్యాంటీన్‌కి తీసుకెళ్లాడు.

హద్దు సరిచేసి మళ్లీ నడిపితే, షాపులో కొలిచిన వేడికి దగ్గరగానే వచ్చింది. మరుసటి నెల ఉద్యోగం ఖాయం చేస్తూ ఉత్తరం ఇచ్చారు. ఎవరికి చూపించాలో తెలియక షాపులోకే నడిచాను. మామ చేతుల నిండా గ్రీజు. "నువ్వే సదువు" అన్నాడు. లేతు మిషన్ మోతలో, సెలవుల నిబంధనలతో సహా మూడు పేజీలూ తెలుగు చేసి గట్టిగా చదివాను. చివరిదాకా తలూపి, "ఇంతకు ఉంటవా, పోతవా?" అన్నాడు. "ఉంటాను మామా" అన్నాను. ఆ నిబంధనలన్నీ పూసగుచ్చినట్టు వినిపించిన కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, అతని మాట అంతసేపు విన్న మనిషి ఈ ఊళ్లో మొదటిసారి దొరికాడు, ఆపబుద్ధి కాలేదు.